అమ్మ పల్లకిలో రెండో బరువు

కంచుగిరి రాజ్యంలో మరణశిక్ష పడ్డవాణ్ణి కత్తికీ ఇవ్వరు, ఉరితాడుకీ ఇవ్వరు. నడుముకు మోకు కట్టి సర్పకోనలోకి దింపి, పైనుంచి మోకు కోసేస్తారు. మిగతా సంగతి కోన చూసుకుంటుంది. నూరేళ్లుగా అది చూసుకోకుండా వదిలేసిన మనిషి ఒక్కడూ లేడు. అలాంటి చోట సారంగుడు రెండు రోజులు గడిపి, మూడోనాటి పొద్దుటికి ఇంకా బతికే ఉన్నాడు. పైగా భుజాల మీద ఇంకో మనిషిని ఎక్కించుకుని కొండచరియ వెంట పాకుతున్నాడు.

ఆ ఇంకో మనిషి పేరు తీర్థుడు. ఏటి అవతలి నీలవాహిని రాజ్యానికి రాయబారి. యాభై దాటిన వయసు, విరిగిన కుడికాలు, చంకలో ఒక రాగి కలశం. నీలవాహిని వాళ్లకు విగ్రహాలు లేవు. ఏరే వాళ్లకు దేవుడు. ఆ ఏటి నీళ్లు నింపిన కలశాన్ని వాళ్లు ప్రాణం పోయినా నేలకు తాకనివ్వరు.

"సామీ, ఆ చెంబు కాసేపు కొమ్మకు తగిలించరాదూ? రెండు చేతులతో నా మెడ పట్టుకుంటే నాకు తేలిగ్గా ఉంటది" అన్నాడు సారంగుడు రొప్పుతూ.

"చెంబంటావేమిటయ్యా! మా దేవుడు."

"ముక్కూ మొహం ఉంటే దేవుడని పోల్చుకునేవాణ్ణి."

"మీ శిఖరమ్మకు ఉన్నాయిగా ముక్కూ మొహం! పదహారుమంది మోస్తేగాని గడప దాటదు. మా దేవుణ్ణి చూడు, ముసలాడి చంకలో సర్దుకుపోతాడు."

సారంగుడికి రోషం పొడుచుకొచ్చింది. "అమ్మను మొయ్యటమంటే ఏమనుకున్నావు సామీ! మా ఇంట్లో ఏడు తరాల నుంచి మగబిడ్డ పుడితే ముందు మొహం చూడరు, భుజం చూస్తారు. పల్లకి ముందు దండె, ఎడమ వైపు. అది మా చోటు. రాజులు మారినా ఆ చోటు మారలేదు" అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే వెనక బండరాళ్లు గలగలమని దొర్లాయి. రోకలిబండ లావున, రెండు తలలతో గండుపాము ఒకటి చరియ వెంట వచ్చేస్తోంది. ఒక తల బుసకొడుతుంటే రెండో తల దారి చూస్తోంది. ముందేమో పెద్ద అగాధం. దాని మీద ఎప్పుడో పిడుగుపడి ఒరిగిన మద్దిచెట్టు మాను అడ్డంగా పడి ఉంది. చెదలు తిని బెండులా అయిన మాను అది. కుందేలు గెంతినా విరిగేలా ఉంది.

సారంగుడు చెప్పులు విడిచాడు. అమ్మ బోయీలకు చిన్నప్పటి నుంచీ నేర్పే నడక ఒకటుంది. మడమ నేలకు ఆనకూడదు. బరువు కాలి మీదికి రాకముందే రెండో కాలు అందుకోవాలి. పల్లకిలో దీపం పెడితే దాని ఒత్తి కదలకూడదు. ఆ నడకతో, భుజాల మీద మనిషితో, ఆ మనిషి చంకలో దేవుడితో అతను మాను దాటేశాడు. మాను కిర్రుమనను కూడా లేదు. వెనకాలే వచ్చిన గండుపాముకు మాత్రం ఆ విద్య ఎవరూ నేర్పలేదు. అది సగం దూరం వచ్చేసరికి మాను ఫెళ్లుమని విరిగింది. రెండు తలలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు బుసలు కొడుతూ పాతాళంలోకి పోయాయి.

తీర్థుడు కలశంలోకి తొంగి చూశాడు. "కలశంలో నీళ్లు ఒక్క చుక్క కూడా తొణకలేదయ్యా" అన్నాడు. అది ఎంత పెద్ద మెచ్చుకోలో సారంగుడికి తెలిసింది. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

వీళ్లిద్దరినీ కోనలోకి దింపించిన వాడు ఒక్కడే. అతడే రాజగురువు కరాళనాథుడు. దాని వెనక కథ చెప్పాలంటే ముందు ఆ రెండు రాజ్యాల ఒడంబడిక గురించి చెప్పాలి.

పన్నెండేళ్లకోసారి కంచుగిరి శిఖరమ్మ పల్లకి ఎక్కి కొండ దిగి, సరిహద్దు ఏటి నడుమకు వస్తుంది. అటునుంచి నీలవాహిని పాలకులు వస్తారు. అమ్మ పాదాల మీద చెయ్యి వేసి వాళ్లు ప్రమాణం చెయ్యాలి. వాళ్ల కలశం మీద చెయ్యి వేసి కంచుగిరి రాజు ప్రమాణం చెయ్యాలి. ఎవరి దేవుడి మీద వాళ్లు ఒట్టేసుకుంటే సరిపోదా అంటే సరిపోదని పాతకాలపు పెద్దలు తేల్చేశారు. సొంత దేవుణ్ణి ఏదో ఒకటి చెప్పి బతిమాలుకోవచ్చు. పరాయి దేవుడి దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఆ భయంతోనే రెండు రాజ్యాలూ ఇరవై పుష్కరాలుగా కత్తి దూసుకోకుండా ఉన్నాయి. ఒక్కటే మెలిక ఉంది. ఏటి నడుమ అమ్మ పల్లకి బరువెక్కి కదలకపోతే, అమ్మకు ఒడంబడిక ఇష్టం లేదన్నమాట. అప్పుడు యుద్ధమే. ఇంతవరకూ అమ్మ ఎన్నడూ బరువెక్కలేదు.

కరాళనాథుడికి యుద్ధం కావాలి. నీలవాహిని గుహల్లో ఉన్న నాగమణి చేతికొస్తే అతని మంత్రవిద్యకు ఎదురుండదు. అందుకని ఆహ్వాన కలశంతో వస్తున్న తీర్థుణ్ణి దారిలోనే పట్టి కోనలో వేయించి, "వాళ్లు మన అమ్మను పిలవనైనా పిలవలేదు" అని రాజు చెవిలో ఊదాడు. అయినా పన్నెండేళ్ల ఆనవాయితీ తప్పకూడదని రాజు అమ్మ పయనం ఆపలేదు. ఇక సారంగుడి నేరం ఏమిటంటే, పయనానికి ముందు బోయీలు పల్లకిని ఓసారి ఎత్తి చూసే తూకపు ఎత్తు రోజున, దండె దించాక, "మావా, ఇవాళ అమ్మ బరువు తేడాగా ఉంది" అని మేనమామ ముత్తెన్నతో అన్నాడు. ముత్తెన్న పెద్దబోయి. ఆయన జవాబు చెప్పేలోపే రాజగురువు భటులు సారంగుడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. అమ్మ బరువును శంకించినవాడికి సర్పకోనే అన్నాడు రాజు.

"బరువు తేడా అంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగాడు తీర్థుడు, కోన గట్టెక్కి కొండ దిగుతుండగా.

"అది ఇంకా తెలియట్లేదు సామీ. మళ్లీ భుజం ఆనిస్తేగాని చెప్పలేను. ముందు నీ కలశం ప్రమాణాల వేళకి, పొద్దు నడినెత్తికి రాకముందే, ఏటి నడుమకు చేరాలి. పద."

ఇద్దరూ ఏటి రేవు చేరేసరికి జాతర అంతా అక్కడే ఉంది. ఆ వైభవం వర్ణించాలంటే వెయ్యి నోళ్లు చాలవు. ముందు నలభై కొమ్ముబూరలు, వాటి వెనక ఎర్రని ఝూలు కప్పిన పన్నెండు ఏనుగులు, వాటి దంతాలకు బంగారు పొన్నులు, నుదుట చందనపు రేఖలు. వేపమండలు కట్టుకున్న వీరగణాలు, తలల మీద పూల గరగ కుండలెత్తి ఆడే పూజారులు, పసుపు నీళ్లు చల్లుకుంటూ నడిచే ముత్తైదువలు. వీటన్నిటి నడుమ, కంచు రేకులు తాపిన పట్టుతెరల పల్లకిలో శిఖరమ్మ. తెల్ల తలపాగాలతో పదహారుమంది బోయీలు, ఒక్కొక్కరి కుడికాలికి ఒక్క గజ్జె. అంత కోలాహలంలోనూ ఆ పదహారుమందే మౌనం. రాజుల పల్లకి మోసే బోయీలు ఓహోం ఓహోం అంటారు. అమ్మ బోయీలు నోరు విప్పరు. దండె కింద నోరు విప్పినవాడికి ఆ క్షణం నుంచి మోసే హక్కు పోతుంది. వాడి కొడుకులకూ మనవలకూ కూడా పోతుంది.

రాజు వజ్రకీర్తి పట్టపుటేనుగు మీద ఉన్నాడు. అతని చుట్టూ దళపతి గండరుడి మనుషులు ఈగను కూడా దూరనివ్వడం లేదు. గండరుడు రాజగురువు చేతి మనిషి. రాజగురువు మాత్రం ఎక్కడా కనిపించలేదు. మహామౌన దీక్షలో ఉన్నారనీ, డేరా దాటి రారనీ దండోరా వేశారు. రేవు వెనక వెదురువనంలో ఆకుల సందుల నుంచి ఈటెల మొనలు తళుక్కుమనడం సారంగుడి కంట పడింది. పల్లకి ఆగిన మరుక్షణం ఏరు దాటి, అవతల నిరాయుధంగా నిలబడ్డ జనం మీద పడడానికి సైన్యం పొంచి ఉంది.

పసుపు మూటలూ పూలూ డప్పులూ మోసే గాడిద ఒకటి రావిచెట్టు చాటున మేస్తోంది. సారంగుడు మూట విప్పి నెత్తి నుంచి పాదాల దాకా పసుపు పూసుకున్నాడు. వేపమండలు నడుముకు చుట్టుకున్నాడు. తీర్థుణ్ణి గాడిద ఎక్కించి, చేతికో డప్పు ఇచ్చాడు. రాగి కలశానికి బంతిపూలు చుట్టి, గరగలాగా తన నెత్తికెత్తుకున్నాడు.

"మా దేవుడికి ఇదేం వేషమయ్యా!" అన్నాడు తీర్థుడు గుండె బాదుకుంటూ.

"ఒక్క పూట మావోళ్లలో కలిసి నడవనీ సామీ. ఏం తక్కువవుద్ది?"

గరగ ఆడుతూ సారంగుడు జనంలో దూరాడు. వెనక తీర్థుడి డప్పు ఏ తాళానికీ అందకుండా మోగుతోంది. అయినా భక్తి ముందు తాళం ఎవరు చూస్తారు? కంచుగిరి ఆడవాళ్లు అమ్మ గరగే అనుకుని, నీలవాహిని దేవుణ్ణి మోస్తున్న సారంగుడి కాళ్ల మీద నీళ్లు పోశారు. పసుపు రాశారు, హారతి పట్టారు. గండరుడి భటుడొకడు ఈటె దించి దండం పెట్టుకున్నాడు. ఏనుగు మీది నుంచి రాజు కూడా కలశానికి చేతులు జోడించాడు. తీర్థుడు డప్పు వాయించడం మరిచిపోయి కళ్లొత్తుకున్నాడు.

పల్లకి ఏట్లోకి దిగింది. మోకాటి లోతు దాటింది, నడుము లోతు వచ్చింది. అవతలి ఒడ్డు నుంచి నీలవాహిని రాణి శైవలినీదేవి తెల్లచీరతో ఎదురొస్తోంది. సరిగ్గా ఏటి నడుమ పల్లకి ఒక్కసారిగా కుంగింది. ముందు దండె ఎడమ వైపు బోయి మోకాళ్లు విరిగినట్టు నీళ్లలో కూలాడు. ఎవరో కేక పెట్టారు. "అమ్మ బరువెక్కింది! అమ్మకు ఇష్టం లేదు!"

ఒడ్డంతా గొల్లుమంది. రాజు ముఖం పాలిపోయింది. అతని చెయ్యి నడుముకు వేలాడే యుద్ధశంఖం మీదికి వెళ్లింది.

సారంగుడు కలశాన్ని తీర్థుడి చేతుల్లో పెట్టి ఏట్లోకి దూకాడు. ఖాళీ అయిన చోటు అతనిదే. పల్లకి ఇంకొంచెం ఒరిగితే అమ్మ నీళ్లపాలవుతుంది. అతను దండె అందుకుని, ముందు రెండు కళ్లకూ అద్దుకుని, ఆ తర్వాతే భుజానికెత్తుకున్నాడు. అది అమ్మ బోయీలకు మాత్రమే ఉన్న అలవాటు. గరగ పూజారికి ఉండదు. ప్రాణం మీదికొచ్చినా ఆ అలవాటు మానుకోవాలని అతనికి తట్టనే లేదు.

"వాడు సారంగుడు! కోనలోంచి లేచొచ్చాడు! బాణం వెయ్యండి!" అని గండరుడు అరిచాడు.

"ఆగండి!" అన్నాడు రాజు. "పల్లకి మీద బాణం పడితే ఎవరికి పాపం?"

ఆ కాస్త వ్యవధిలో సారంగుడు కళ్లు మూసుకుని భుజంతో విన్నాడు. అమ్మ బరువు అతనికి తల్లి ఒడి ఎంత తెలుసో అంత తెలుసు. అమ్మ నిటారుగా కూర్చుంటుంది. పదహారు భుజాలకూ సమానంగా పంచుతుంది. ఒకరిని ఎక్కువ, ఒకరిని తక్కువ చెయ్యదు. ఇప్పుడీ బరువంతా ఒక మూలనే ఉంది. అది కొద్దిగా కదులుతోంది. ఉండుండి పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది. ఊపిరి తీస్తోంది!

సంగతి తెలిసిపోయింది. చెప్పాలంటే మాత్రం నోరు విప్పాలి. విప్పితే ఏడు తరాల చోటు ఈ ఏట్లోనే కలిసిపోతుంది. పక్కనే, ముందు దండె కుడి వైపున, మేనమామ ముత్తెన్న వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతున్నాడు. సారంగుడికి కన్నీళ్లు ఆగలేదు. శంఖం రాజు పెదవుల దాకా వెళ్లింది.

"మారాజా! ఇది అమ్మ బరువు కాదు. అమ్మ పల్లకిలో ఇంకెవడో ఎక్కి కూర్చున్నాడు!"

బోయి నోరు విప్పాడు. అది కూడా దండె కింద!

"తెర తీసే అధికారం రాజగురువుది. ఆయన లేకుండా తెర తీస్తే అపచారం" అన్నాడు రాజు.

"తెర తియ్యక్కర్లేదు మారాజా. అమ్మ పీఠాన్ని కంచు మేకులతో పల్లకికి బిగించి ఉంది. ఎంత ఒరిగినా అమ్మ జారదు. జారేవాడెవడో చూద్దాం. మావా, ఒరుగు ఎత్తు!"

నిట్టనిలువు కొండచరియల మీద ఒక పక్క దండెను అరచేతుల మీద నెత్తి పైకెత్తి పల్లకిని వాల్చే పద్ధతి అది. ముత్తెన్న మాట్లాడలేదు, ఆయన ఒట్టు ఆయనది. తలపాగా సర్దుకుని, అరవై ఏళ్ల చేతులతో దండెను భుజం మీది నుంచి అరచేతుల్లోకి తెచ్చాడు. ఆయన వెనక ఉన్న ఏడుగురూ తెచ్చారు. ఒక్క గజ్జె మోతతో పల్లకి పక్కకు వాలింది.

తెర కింది నుంచి అరచేతంత ఇనుపకప్ప ఒకటి జారి, ధబ్బుమని నీళ్లలో పడింది. అంత చిన్న కప్ప పడితే లేవాల్సిన నీళ్లు కావవి. ఏనుగు దూకినంత ఎత్తున లేచాయి. ఆ నురగలోంచి కప్ప ఉబ్బి, సాగి, జటలు మొలిచి, కరాళనాథుడై నిలబడింది. మహామౌన దీక్షలో ఉన్న రాజగురువుగారి గడ్డానికి అమ్మకు నైవేద్యం పెట్టిన అరిసె ముక్క ఇంకా అంటుకునే ఉంది.

జనంలో ఒక ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు ఒడ్డు పొడుగునా పాకింది. మంత్రగాళ్లు శాపాన్నయినా ఓర్చుకుంటారు గానీ నవ్వును ఓర్చుకోలేరు.

కరాళనాథుడి కళ్లు నిప్పులు కక్కాయి. అయినా రాజు వైపు తిరిగి నెమ్మదిగానే మాట్లాడాడు. "వజ్రకీర్తీ, ఎందుకు వెరగుపడతావు? దేవుడి నోట తన మాట పలికించగలిగిన వాడే రాజ్యం ఏలతాడు. నీకోసమే ఆ పని చేశాను. అదిగో సైన్యం, అదిగో శత్రువు. శంఖం ఊదు. అమ్మ పేరు మీద గెలిచిన రాజ్యాన్ని రేపు ఎవడు ప్రశ్నిస్తాడు?"

రాజు శంఖాన్ని చూశాడు. ఏటికి అవతల చేతుల్లో పూలతో నిలబడ్డ జనాన్ని చూశాడు. గాడిద మీద కలశాన్ని గుండెకు హత్తుకున్న తీర్థుణ్ణి, తాను ఇందాక చేతులు జోడించిన ఆ బంతిపూల కలశాన్ని చూశాడు. శంఖాన్ని ఏట్లోకి విసిరేశాడు.

"అయితే అమ్మ ఈ ఏరు దాటదు!" అంటూ కరాళనాథుడు మంత్రదండాన్ని నీళ్ల మీద కొట్టాడు. ఎగువన ఏరు ఆగిపోయింది. ఆగి లేచింది. తాటిచెట్టంత నీటిగోడ ఒడ్లను కోసుకుంటూ పైకి పెరగసాగింది. మాంత్రికుడు ఎగిరి దాని శిఖరాన నిలబడ్డాడు.

పల్లకి కిందనుంచి సారంగుడు బయటికి వచ్చాడు. ముత్తెన్న చెయ్యి చాచి పట్టుకోబోయాడు. సారంగుడు తల అడ్డంగా ఊపాడు. కట్టుబాటు కట్టుబాటే. మరొకడు తప్పితే నోరెత్తే సారంగుడు, తన వంతు వచ్చేసరికి శిక్ష తప్పించుకోడు. ముందు దండె ఎడమ వైపు చోటు ఏడు తరాల తర్వాత మొదటిసారి వాళ్ల ఇంటిది కాకుండా పోయింది. పదిహేనుమందితో పల్లకి ఊగుతోంది తప్ప అడుగు పడడం లేదు.

అప్పుడు ఏనుగు మోకరిల్లింది. రాజు దిగి, నడుము లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, ఖాళీ దండె దగ్గర నిలబడ్డాడు.

"నా భుజం పనికొస్తుందా?" అని అడిగాడు సారంగుణ్ణి.

"అమ్మకు ఎవరి భుజమైనా ఒకటే మారాజా. కాకపోతే కిరీటం తియ్యాలి. దండెకు తగులుద్ది."

రాజు కిరీటం తీసి మావటివాడి చేతికిచ్చాడు. దండెను కళ్లకద్దుకున్నాడు. భుజానికెత్తుకోగానే అతని నోట అప్రయత్నంగా "అమ్మా!" అనే మాట వచ్చింది. అది ఒట్టు తప్పడం కిందికి వస్తుందో రాదో ఆ క్షణాన ఎవరూ ఆలోచించలేదు. అమ్మ బరువు ఎంతో, దాన్ని ఇన్నాళ్లూ ఎవరు మోశారో ఆ రాజుకు మొదటిసారి తెలిసింది.

కానీ మడమ ఆనకుండా నడిచే నడక అతనికి రాదు. పదిహేను గజ్జెల మధ్య అతని అడుగు తడబడుతోంది. నీటిగోడ దొర్లడం మొదలుపెట్టింది. అవతలి నుంచి శైవలినీదేవి భయపడకుండా ఇంకా ఎదురొస్తూనే ఉంది.

సారంగుడు, గాడిదను ఏట్లోకి తోలుకొచ్చిన తీర్థుడి దగ్గర నుంచి కలశం అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు. పల్లకి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇక అతనికి మోసే హక్కు లేదు. మౌనంగా ఉండాల్సిన పనీ లేదు.

"ఎడమ! కుడి మారాజా, కుడి! మడమ ఎత్తు! ఎడమ!"

రాజు అడుగు కుదిరింది. పల్లకి కదిలింది. నీటిగోడ నీడ వాళ్ల మీద పడి, పట్టపగలే చీకటి కమ్మింది. సారంగుడు తల వంచలేదు. మీది నుంచి పళ్లు కొరుకుతున్న మాంత్రికుణ్ణి సూటిగా చూస్తూ, ఆ ఏటి దేవుణ్ణే నెత్తిన పెట్టుకుని, పొంగుకొస్తున్న ఏటికి ఎదురు నడిచాడు. ఏడు తరాల బోయీలు దండె కింద గుండెల్లోనే అణుచుకున్న కేక ఒక్కటి అతని గొంతులోంచి రెండు ఒడ్లూ దద్దరిల్లేలా లేచింది.

"అమ్మ వస్తోంది! దారియ్!"